శనివారం కుక్కపిల్ల కొరికింది, ఈ రోజు అది చచ్చిపోయింది: బాబును రేపు ఆసుపత్రికి తీసుకెళ్తే సరిపోతుందా?

చెరువుగట్టు (విడవలూరు) | సోమవారం, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మాది విడవలూరు దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటారు. అక్కడి షెడ్డులో ఒక వీధికుక్క నాలుగు పిల్లలను పెట్టింది. శనివారం సాయంత్రం మా బాబు (ఏడేళ్లు) ఒక పిల్లను ఎత్తుకుని ఆడుతుంటే కుడి చేతి చూపుడు వేలు కొరికింది. రెండు చిన్న గాట్లు పడ్డాయి, రెండు మూడు బొట్లు రక్తం వచ్చింది. మా అత్తగారు వెంటనే సున్నం, కారం కలిపి అద్దారు. ఆదివారం దగ్గరలోని ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్తే టీటీ ఇంజెక్షన్ వేసి, పాలు తాగే పిల్లే కదా, ఏమీ కాదన్నారు.

ఈ రోజు పొద్దున ఆ పిల్ల చచ్చిపోయింది. నిన్నంతా పాలు ముట్టలేదని, నోటి నుంచి చొంగ కారుతూనే ఉందని మా ఆయన ఇప్పుడు చెప్పారు. బాబు బాగానే ఉన్నాడు. అన్నం తిని పడుకున్నాడు. రేపు పొద్దున మొదటి బస్సుకు వెళ్తే చాలా? మనసు మనసులో లేదు. తెలిసినవారు ఎవరైనా చెప్పండి.

కావలి నర్సు | సోమవారం, రాత్రి 9:01

అమ్మా, రేపు కాదు. ఈ రాత్రే బయలుదేరండి. నేను పదకొండేళ్లుగా అత్యవసర విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. చేతిలో సమయం ఉంది, దాన్ని వాడుకోవాలి.

ముందు బాబును లేపండి. వేలిని కుళాయి ధార కింద పెట్టి, ఒంటి సబ్బుతో, గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగండి. రెండు రోజులైంది కదా, ఇప్పుడెందుకు అనుకోవద్దు. రేబిస్ క్రిమి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. సున్నం, కారం ఆ పని చేయవు సరికదా, పుండును ఇంకా రేపుతాయి. సున్నం పెచ్చులు ఉంటే నెమ్మదిగా నానబెట్టి తీయండి. తర్వాత ఇంట్లో ఉంటే బెటాడిన్ రాయండి. కట్టు కట్టవద్దు.

టీటీ వేసింది ధనుర్వాతం రాకుండా. రేబిస్‌ను అది ఆపదు. పాలు తాగే పిల్లకు ఈ రోగం ఉండదన్న మాట కూడా పొరపాటు. కుక్కకు తొలి రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. అంతకన్నా చిన్న పిల్లకు టీకా రక్షణ ఉండదు, రోగమున్న కుక్క ఒక్క పంటి గాటు పెట్టినా చాలు.

నెల్లూరు దర్గామిట్టలో పెద్దాసుపత్రి ఉంది. క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. అక్కడ మూడు ముక్కలు స్పష్టంగా చెప్పండి: కుక్కపిల్ల కొరికింది, రక్తం వచ్చింది, ఆ పిల్ల చనిపోయింది. రక్తం వచ్చిన కాటు మూడో తరగతి కిందికి, అంటే అన్నిటికన్నా తీవ్రమైనదాని కిందికి వస్తుంది. దానికి టీకా ఒక్కటే చాలదు, గాయం దగ్గరే క్రిమిని చంపే సీరం అనే మందు కూడా గాయంలోకి ఎక్కించాలి. సీరం మాట మీరే అడగండి.

ఉదయగిరి దుర్గం | సోమవారం, రాత్రి 9:24

చెల్లెమ్మా, ఆసుపత్రికి వెళ్లవద్దని నేను అనను. కానీ ఇంత కంగారు అవసరం లేదు. మా పెదనాన్న నలభై ఏళ్లుగా కుక్క కాటుకు ఆకు పసరు ఇస్తున్నారు. పైసా తీసుకోరు. వింజమూరు నుంచి, దుత్తలూరు నుంచి, కొండ కింది పల్లెల నుంచి జనం వస్తారు. వందల మందికి ఇచ్చారు. ఆయన చేతి మందు తిన్నవారు చనిపోయారని నేను ఒక్కసారి కూడా వినలేదు. మూడు పూటలు మింగి, నలభై రోజులు పథ్యం ఉంటే చాలు. బాబుకు కావాలంటే తెచ్చి ఇస్తాను.

పొదిలి మాస్టారు | సోమవారం, రాత్రి 9:58

అమ్మా, మీరు ఈపాటికి దారిలో ఉంటారని ఆశిస్తున్నాను. ఉదయగిరి తమ్ముడికి కోపంతో కాదు, నేను చూసినది చెప్పాలని రాస్తున్నాను.

1983లో మా తమ్ముడికి పదకొండేళ్లు. పొలం గట్టు మీద ఒక కుక్క మడమ దగ్గర కరిచి పోయింది. అప్పట్లో ఉన్నది గొర్రె మెదడు నుంచి తయారుచేసే పాత టీకా. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ అనే వైద్యాధికారి రూపొందించినది. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు. ఒక్కో సూదికి పొట్ట వాచిపోయేది. ఒంగోలుకు రోజూ బస్సు, నాన్నకు రోజూ కూలి పోవడం. ఆరో సూది తర్వాత వాడు ఏడ్చి మొండికేశాడు. పుండు మానిపోయింది కదా అని అమ్మ జాలిపడింది. ఇక తీసుకెళ్లలేదు. ఎవరో వేరు ఇస్తే అరగదీసి పోశారు.

రెండు నెలలు ఏమీ లేదు. బడికి వెళ్లాడు, గోలీలు ఆడాడు. ఒక సాయంత్రం మానిపోయిన మడమ దగ్గర జిలగా, చీమలు పాకుతున్నట్టుగా ఉందన్నాడు. మర్నాడు జ్వరం. ఆ మర్నాడు దాహం అంటాడు, లోటా నోటి దగ్గరికి తీసుకెళ్తే గొంతు బిగుసుకుపోయి విసిరేస్తాడు. అమ్మ విసనకర్ర విసిరితే ఆ గాలికే ఒళ్లంతా విలవిలలాడింది. మధ్యమధ్య తెలివిగానే మాట్లాడేవాడు. "అన్నా, నాకు నీళ్లు కావాలి, కానీ భయమేస్తోంది" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నాలుగో రోజు తెల్లవారేలోపు పోయాడు.

ఆ పాత టీకాను మన దేశంలో ఇరవై ఏళ్ల కిందటే పూర్తిగా ఆపేశారు. ఇప్పటి సూదులు చేతికి వేసేవి, నాలుగైదు సార్లే. మా తమ్ముడికి అవి అందలేదు. మీ బాబుకు అందుతాయి. పుండు చిన్నదా పెద్దదా అని చూడకండి. మా తమ్ముడి మడమ మీద గాటు నా గోరంత కూడా లేదు.

చెరువుగట్టు (విడవలూరు) | మంగళవారం, తెల్లవారుజామున 1:35

నర్సమ్మా, మాస్టారూ, ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. ఆటోలో వచ్చాం. బాబు బరువు 21 కిలోలు. దాన్ని బట్టి 840 యూనిట్ల గుర్రపు సీరం అని లెక్క కట్టారు. వేలి గాట్ల చుట్టూ కొంచెం కొంచెంగా ఎక్కించారు. వాడి ఏడుపు చూడలేకపోయాను. రెండు చేతులకూ ఒక్కో చిన్న సూది టీకా వేశారు. గంటసేపు ఉంచి చూశారు. ఇప్పుడు నా ఒళ్లో పడుకున్నాడు. చీటీ మీద తేదీలు రాసి ఇచ్చారు, నాకు సరిగా అర్థం కాలేదు. పొద్దున అడుగుతాను.

కావలి నర్సు | మంగళవారం, ఉదయం 6:40

చాలా మంచి పని చేశారమ్మా. రాత్రంతా మీ గురించే అనుకున్నాను.

తేదీల లెక్క ఇది. మొదటి సూది పడిన రోజు సున్నా. అక్కడి నుంచి 3, 7, 28 రోజులకు మిగిలినవి. నిన్న సోమవారం కాబట్టి ఈ గురువారం, వచ్చే సోమవారం, ఆ తర్వాత మూడు వారాలకు వచ్చే సోమవారం. సీరం మళ్లీ ఉండదు. మిగిలిన సూదులకు నెల్లూరు దాకా రానక్కర లేదు, చీటీ చూపిస్తే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా వేస్తారు.

సీరం మీద ఎందుకంత పట్టుబట్టానంటే, టీకా వేసినా మన ఒంట్లో రక్షణ తయారు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈ క్రిమి రక్తంలో పోదు. నరం వెంట మెదడు వైపు పాకుతుంది. వేళ్లలో నరాల కొసలు చిక్కగా ఉంటాయి, తల, ముఖం, మెడ అయితే దారి ఇంకా దగ్గర. ఆ వారం రెండు వారాల సందులో గాయం దగ్గరే క్రిమిని పట్టి చంపేది సీరం. మొదటి టీకా రోజునే వేయాలి. ఆ రోజు దొరకకపోతే మొదటి టీకా నుంచి ఏడో రోజు లోపల వేయవచ్చు, ఆ తర్వాత వేసి ప్రయోజనం లేదు. ఎందరో టీకా వేయించుకుని సీరం లేకుండా ఇంటికి వెళ్లిపోతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

దర్శి పశువైద్యం | మంగళవారం, ఉదయం 8:15

నేను పశువైద్య సహాయకుడిని. అమ్మా, బాబు సంగతి సరే, ఒకటి అడుగుతాను. ఆ పిల్ల జబ్బుగా ఉన్నప్పుడు దానికి పాలు పట్టింది ఎవరు? చచ్చాక తీసిపారేసింది ఎవరు?

చెరువుగట్టు (విడవలూరు) | మంగళవారం, ఉదయం 8:31

మా ఆయనే అన్నా. పాలు తాగడం లేదని వేలు ముంచి నోట్లో పెట్టి చప్పరించమని చూశారట. చనిపోయాక తీసుకెళ్లి చెరువు గట్టు అవతల పడేశారు. ఆయన్ను కొరకలేదు.

దర్శి పశువైద్యం | మంగళవారం, ఉదయం 8:50

కొరకకపోయినా ఆయన కూడా ఈ రోజే వెళ్లాలి. వల లాగేవారి చేతులకు గీతలు లేని రోజు ఉండదు. చర్మం చిట్లిన చోట ఆ చొంగ పడితే కాటు పడినట్టే లెక్క. టీకా, సీరం రెండూ అవసరం. వైద్యుడికి చేతులు చూపించమనండి.

మా వైపు నేను తరచుగా చూసేది ఇంకొకటి ఉంది, పాడి ఉన్నవారందరూ వినాలి. గేదె మేత మానేసి, చొంగ కారుస్తూ, గొంతు మారి అదే పనిగా అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుంటారు. తాటి టెంకో, మొక్కజొన్న కంకో అని మోచేతి దాకా నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. అది గొంతు మింగుడు పడని రేబిస్ కావచ్చు. నెల కిందటో రెండు నెలల కిందటో కుక్కో నక్కో కరిచిన సంగతి అప్పుడు గుర్తుకొస్తుంది. అలాంటి గేదె నోట్లో చెయ్యి పెట్టవద్దు. పెట్టినవారు సబ్బుతో కడుక్కుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పాల గురించి అందరూ అడుగుతారు: కాచిన పాలతో భయం లేదు, పచ్చిపాలు మాత్రం తాగవద్దు. పిచ్చికుక్క కరిచిన పశువుకు కూడా వెంటనే కడిగి 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేయిస్తే కాపాడుకోవచ్చు.

చచ్చిన పిల్లను గట్టు అవతల వదిలేయకండి. చేతులకు తొడుగులు వేసుకుని లోతైన గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి. దాని మెదడు పరీక్షించి తేల్చవచ్చు, కానీ ఫలితం కోసం సూది ఆపే ప్రశ్నే లేదు. తల్లికుక్క, మిగిలిన మూడు పిల్లల దగ్గరికి పిల్లలెవరూ వెళ్లకుండా చూడండి. గ్రామ పంచాయతీకి, పశువైద్యశాలకు చెప్పండి.

ఒంగోలు మందుల దుకాణం | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఒక దుకాణదారుగా రెండు మాటలు. ప్రైవేటులో కండకు వేసే పద్ధతి ఉంటుంది. దానికి 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు సూదులు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం పొరలో కొద్దిగా వేసే పద్ధతి, నాలుగు సార్లు. రెండూ మంచివే. అయితే ఏ పద్ధతిలో మొదలుపెడితే దానిలోనే పూర్తిచేయండి. కండకు వేసేటప్పుడు పెద్దవారికి భుజం, పసిపిల్లలకు తొడ ముందు భాగం. తుంటికి ఎవరైనా వేయబోతే ఒప్పుకోవద్దు, అక్కడి కొవ్వులో మందు సరిగా పట్టదు.

ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కొందరు మా దగ్గర కొని, కనిగిరి ఎండలో జేబులో వేసుకుని బస్సెక్కుతామంటారు. నేను ఐసు డబ్బా లేకుండా ఇవ్వను. కోప్పడతారు, అయినా ఇవ్వను.

ఉదయగిరి దుర్గం | మంగళవారం, సాయంత్రం 6:05

మాస్టారూ, మీ తమ్ముడి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఆకు మందు ఉత్తదే అయితే, మా పెదనాన్న దగ్గరికి వచ్చిన వందల మంది ఎలా బతికారు? నేను నా కళ్లతో చూసినదాన్ని ఎలా కాదనుకోను?

పొదిలి మాస్టారు | మంగళవారం, రాత్రి 8:20

మంచి ప్రశ్న తమ్ముడూ. నేనూ చాలా ఏళ్లు దీన్నే ఆలోచించాను.

కరిచే కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు. తోక తొక్కితేనో, పిల్లల జోలికి వెళ్తేనో కరుస్తాయి. ఆ మనిషి పసరు తాగినా, మజ్జిగ తాగినా, ఏమీ తాగకపోయినా బతుకుతాడు. నిజంగా రేబిస్ ఉన్న కుక్క కరిచినా ప్రతి ఒక్కరికీ రోగం రాదు. గుడ్డ అడ్డం ఉండవచ్చు, చొంగ తక్కువ దిగి ఉండవచ్చు. వీరందరి బతుకూ మందు ఖాతాలో పడుతుంది.

ఇక చనిపోయినవారు. రోగం బయటపడేది సాధారణంగా రెండు మూడు నెలలకు, ఒక్కోసారి ఏడాదికి. అప్పటికి ఆ మనిషి ఎక్కడో సొంత ఊళ్లో ఉంటాడు. జ్వరమనో, గాలి సోకిందనో అనుకుంటారు. మీ పెదనాన్న గారి గుమ్మానికి వచ్చి చెప్పేవారు ఎవరు? మేమూ చెప్పలేదు. మా తమ్ముడికి వేరు ఇచ్చిన పెద్దమనిషి, వాడు బతికే ఉన్నాడనుకుంటూనే కన్నుమూసి ఉంటాడు. ఆయన మంచివాడే. డబ్బు తీసుకోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 59,000 మంది ఈ రోగంతో పోతున్నారు. అనుమానపు జంతువు కరిచినవారిలో పది మందికి నలుగురు పదిహేనేళ్లలోపు పిల్లలే. 1885 జులై 6న పారిస్‌లో పాశ్చర్ అనే శాస్త్రవేత్త తన రేబిస్ టీకాను తొలిసారి వేయించింది కూడా తొమ్మిదేళ్ల పిల్లవాడికే. ఆ అబ్బాయి బతికాడు. లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు మాత్రం ఈ రోజుకీ లేదు.

సింగరాయకొండ | బుధవారం, ఉదయం 7:30

రెండేళ్ల కిందట కుక్క కరిస్తే అన్ని సూదులూ పూర్తిగా వేయించుకున్నాను. నిన్న పెంపుడు పిల్లి రక్కింది, రక్తం వచ్చింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? నా భార్యకు ఐదో నెల. తనకూ గోరు గీరింది. గర్భిణికి ఈ సూది పడుతుందా?

కావలి నర్సు | బుధవారం, ఉదయం 9:12

పాత చీటీ ఉంటే మీకు రెండే సూదులు, ఈ రోజు ఒకటి, మూడు రోజుల తర్వాత ఒకటి. సీరం అక్కరలేదు. మీ భార్యకు పూర్తి కోర్సు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ టీకా నిస్సందేహంగా వేయవచ్చు. కడుపులో బిడ్డకు ఏ హానీ లేదు. ఆమెకు రక్తం చిమ్మిందో లేదో వైద్యుడు చూసి సీరం సంగతి చెబుతారు.

పిల్లి, కుక్క అయితే పది రోజులు కనిపెట్టి చూడండి, అయితే టీకా మొదలుపెట్టి చూడాలి, చూశాక మొదలుపెడదామని కాదు. కోతి, నక్క, ముంగిస లాంటివాటికి ఈ పది రోజుల లెక్క వర్తించదు.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 11:00

వీధికుక్కలకు విషం పెట్టాలంటూ వచ్చిన రెండు సందేశాలను తొలగించాను. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే రోగం పాకే గొలుసు తెగుతుంది. విషం పెడితే టీకా వేసినవి కూడా చచ్చి, వాటి చోటుకు టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. ఈ చర్చను కాటు, చికిత్సలకే ఉంచుదాం.

చెరువుగట్టు (విడవలూరు) | గురువారం, మధ్యాహ్నం 12:45

బాబుకు రెండో విడత అయింది, మా ఆరోగ్య కేంద్రంలోనే వేశారు. మా ఆయనకు మంగళవారమే నెల్లూరులో సీరం, మొదటి సూది పడ్డాయి. వేళ్ల మధ్య నాలుగు చోట్ల చర్మం చిట్లి ఉందట. దర్శి అన్నా, మీరు అడగకపోతే మాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

మా అత్తగారు బాబుకు గుడ్డు, చేప పెట్టనివ్వడం లేదు. సూది మందు విరుగుతుందంటున్నారు. సున్నం అద్దింది తానేనని పాపం ఆమె రోజూ ఏడుస్తున్నారు. గట్టిగా చెప్పలేకపోతున్నాను.

కావలి నర్సు | గురువారం, మధ్యాహ్నం 1:20

పథ్యం ఏమీ లేదమ్మా. గుడ్డు, చేప, పప్పు, పెరుగు, వాడికి ఇష్టమైనవన్నీ పెట్టండి. అత్తగారిని ఏమీ అనకండి. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. వచ్చే సోమవారం మూడో సూదికి బాబుతో పాటు ఆమెనే పంపండి. నర్సు నోటి నుంచి వింటే నమ్మకం కుదురుతుంది.

ఉదయగిరి దుర్గం | శుక్రవారం, రాత్రి 10:40

ఇది రాయడానికి మూడు రోజులు వెనకాడాను. పన్నెండు రోజుల కిందట మా ఊరి గొర్రెల కాపరి అబ్బాయిని, పంతొమ్మిదేళ్లవాడిని, కొండ కింద నక్క కరిచింది. పట్టపగలు మంద మీదికి వచ్చి పిక్క పట్టుకుంది. వాడిని పెదనాన్న దగ్గరికి తీసుకెళ్లింది నేనే. పసరు ఇప్పించింది నేనే. పుండు మానింది. వాడు బాగానే ఉన్నాడు. పన్నెండు రోజులు దాటిపోయింది కదా, ఇప్పుడు సూది వేసినా ఉపయోగం ఉంటుందా?

కావలి నర్సు | శుక్రవారం, రాత్రి 10:47

ఉంటుంది అన్నా. లక్షణాలు రానంత వరకు ఎన్ని రోజులైనా ఆలస్యం కాలేదు. నెలలు గడిచినా వేస్తాం. ఇప్పటిదాకా ఒక్క సూదీ పడలేదు కాబట్టి సీరం కూడా వేయవచ్చు. అడవి జంతువు కాటు నేరుగా మూడో తరగతే. పైగా పట్టపగలు మనుషుల మీదికి రావడం నక్క స్వభావం కాదు. వాడిని ఎక్కడున్నా వెతికి తీసుకెళ్లండి.

పొదిలి మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:55

తమ్ముడూ, వెనకాడినా అడిగావు. వెళ్లు. డబ్బు అవసరమైతే నాకు వ్యక్తిగత సందేశం పెట్టు.

ఉదయగిరి దుర్గం | శనివారం, రాత్రి 9:15

తెల్లవారుజామున మంద దగ్గరికి వెళ్లి పట్టుకున్నాను. రానన్నాడు, గొర్రెలను ఎవరు చూస్తారన్నాడు. నా కొడుకును మంద దగ్గర వదిలి వాడిని బండి ఎక్కించాను. ఆత్మకూరు మీదుగా నెల్లూరు వెళ్లాం. పిక్క మానిన మచ్చ చుట్టూ సీరం ఎక్కించారు, చేతులకు టీకా వేశారు. పెదనాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. తర్వాత, "ఇక వచ్చినవారికి పసరు ఇవ్వను, ముందు సూదికి పొమ్మని చెబుతాను" అన్నారు.

ఇప్పుడొక చిక్కు. తర్వాతి సూదులు మంగళవారం, వచ్చే శనివారం. ఆ రెండూ ఇక్కడే వేయిస్తాను. 28వ రోజుకు మాత్రం వాడు ఇక్కడ ఉండడు. కోతలైన మళ్లలో మందలు కట్టడానికి వీరంతా పెన్న కిందికి, కోవూరు వైపు దిగుతున్నారు. ఫోను ఉండదు, తేదీ గుర్తుండదు.

చెరువుగట్టు (విడవలూరు) | శనివారం, రాత్రి 9:32

అన్నా, ఆ మందలు ఏటా మా ఊరి మళ్లకూ వస్తాయి. చీటీ మీద మా ఆయన ఫోను నంబరు రాయించండి, మీకు వేరుగా పంపుతాను. 28వ రోజు శనివారం కదా. వాడు కోవూరు దగ్గర ఎక్కడ మంద కట్టినా మా ఆయన బండి మీద వెళ్లి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తారు. ఆ గంటసేపు గొర్రెల దగ్గర మా మామగారు ఉంటారు. గోడ మీద క్యాలెండర్‌లో బాబు తేదీ పక్కనే ఆ తేదీ కూడా ఇప్పుడే రాశాను. అబ్బాయి పేరు చెప్పండి, అది కూడా రాస్తాను.